లంకబాబు మంచోడే

పెడనలో శోభనాద్రి గారి కలంకారీ అచ్చుల షెడ్డులో, మధ్యాహ్నం అన్నాల వేళ, లంకబాబు మీద ఎవరైనా మాట తూలారంటే సువార్తమ్మ నోటికి చిక్కినట్టే. లంకబాబంటే ఊళ్ళో మనిషి కాదు, థాయ్‌లాండ్ సీరియల్లో హీరో. తెలుగు మాటలు పెట్టి ఫోన్లలోకి వదిలారు. అసలు పేరు నోరు తిరక్క, సముద్రం మధ్య లంకలో ఇల్లున్నవాడు కదా అని ఆడవాళ్ళు వాడికి లంకబాబని పెట్టుకున్నారు. తన తమ్ముడి చావుకి ఫలానా పిల్లే కారణమనుకుని వాడు ఆ పిల్లని పడవలో ఎత్తుకుపోయాడు. లంకలో ఒక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశాడు. తీరా చూస్తే ఆ పిల్ల తప్పేమీ లేదు. అది తెలిసేసరికి వాడు ప్రేమలో పడ్డాడు. ఇప్పుడు పెళ్ళి చేసుకుంటానని పిల్ల చుట్టూ తిరుగుతున్నాడు.

"చేసుకుంటే చేసుకున్నాడులే గానీ, ఆ పిల్లని కొట్టాడు కదే" అంది తాతమ్మ. తాతమ్మ కాగు దగ్గర గుడ్డలు ఉడికించే మనిషి. షెడ్డులో అందరికన్నా పెద్దది.

"కొట్టి ఏడ్చాడుగా!" అంది సువార్తమ్మ. "మన మగాళ్ళు కొట్టి ఏడుస్తారా? కొట్టి, కూర వడ్డించమంటారు."

అందరూ నవ్వారు. సువార్తమ్మకి కావలసింది అదే. ఆమె తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డని బల్ల మీద పరిచి, టేకు అచ్చుని నల్లరంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేది. ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు కలిసేచోట గీత తెగేది కాదు. ఆ పనితనం కోసమే శోభనాద్రి గారు ఆమె నోటిని భరించేవారు.

ఆ రోజు కూతురు క్రిస్టినా క్యారియర్ తెచ్చి తల్లి పక్కనే కూర్చుంది. క్రిస్టినా గుడివాడలో కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. రోజూ రైల్లో వెళ్ళి వచ్చే పిల్ల కొన్నాళ్ళుగా ఇంట్లోనే ఉంటోంది. షాపు వాళ్ళు సెలవిచ్చారంది. ఎందుకిచ్చారని సువార్తమ్మ అడగలేదు. అన్నం వేడివేడిగా తెచ్చిపెట్టే మనిషి దొరికిందని సంతోషించింది.

"అమ్మా," అంది క్రిస్టినా, ఫోన్ వైపు చూడకుండా. "ఆ అమ్మాయి ఒడ్డుకొచ్చాక పోలీసులకి చెప్తే ఏమవుద్ది?"

సువార్తమ్మ ముద్ద నోటి దాకా తెచ్చి ఆపి, అందరి వంకా ఒకసారి చూసింది. "ఏమవుద్దీ? సీరియల్ అయిపోద్ది."

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఒకావిడకి పొలమారింది కూడా.

"నవ్వులాటకి కాదమ్మా. చెప్పొచ్చా, చెప్పకూడదా?"

"చెప్పి ఏం బావుకుంటదే? ఎత్తుకుపోయినోడు ఎలాగూ ఎత్తుకుపోయాడు. ఇప్పుడు తాళి కడతానంటున్నాడు. పోలీసోళ్ళొచ్చి కడతారా తాళి? కాస్త ఓపిక పట్టిందనుకో, ఆ లంకంతటికీ అదే మహారాణి. లంకబాబు మంచోడే. ఆ పిల్లదే మొండితనం."

క్రిస్టినా గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి క్యారియర్ కొక్కెం బిగించింది. మళ్ళీ తీసింది. మళ్ళీ బిగించింది. ఆ పిల్ల అడిగింది సీరియల్ గురించి కాదేమోనని ఆ షెడ్డులో ఒక్క తాతమ్మకి అనుమానం తగిలింది. కన్నతల్లికి తగల్లేదు. ఆమె అప్పటికే ఫోన్‌ని రంగు డబ్బాకి ఆనించి, నిన్న ఆపిన చోటు వెతుకుతోంది.

ఆ సాయంత్రం జకరయ్య పాస్టరు గారు, ఆయన వెనకే డేవిడ్ రాజు ఇంటికి వచ్చారు. డేవిడ్ రాజు సంఘపెద్ద. దివిసీమలో నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్న మనిషి. అంతటివాడు చేతిలో యాపిల్ పళ్ళ సంచితో గుమ్మంలోకి వచ్చేసరికి సువార్తమ్మ ఉన్న రెండు కుర్చీలూ పైటచెంగుతో తుడిచి వేసింది.

"దేవుడు నీ ఇంటి తలుపు తట్టాడనుకో సువార్తమ్మా" అన్నారు పాస్టరు గారు.

డేవిడ్ రాజు గొంతు సవరించుకున్నాడు. "మా రాహుల్ తొందరపడ్డాడు చెల్లెమ్మా. కుర్రతనం. మీ అమ్మాయిని మా చెరువుల దగ్గరికి తీసుకెళ్ళాడంట. ఒక రాత్రి అక్కడే ఉన్నారంట. మంచో చెడో, అయిపోయింది. ఇప్పుడు చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని వాడే నా కాళ్ళు పట్టుకున్నాడు. మేం కాదనట్లేదు."

సువార్తమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలి గది వైపు చూసింది. తలుపు ఓరగా వేసి ఉంది. వెనక పిల్ల ఉందని గచ్చు మీద పాదాల నీడ చెబుతోంది.

"అరిటాకు సామెత నీకు తెలియంది కాదు" అన్నారు పాస్టరు గారు మెత్తగా. "ముల్లు ఆకు మీద పడ్డా, ఆకు ముల్లు మీద పడ్డా, చిరిగేది ఆకే కదా. వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఆదివారం మొదటి ప్రకటన చదివేస్తాను."

వాళ్ళ సంఘంలో పెళ్ళి కుదిరితే మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలంటారు. ఒకసారి చదివాక ఆ సంబంధం తప్పిపోవడం ఎవరూ ఎరగరు.

భర్త సామ్యేలు పోయినప్పటి నుంచీ ఆ పేటలో సువార్తమ్మకి సంఘమే అండ. సంఘమంటే డేవిడ్ రాజు. ఆమెకి భయం వేసింది. ఆ భయం కింద, చెప్పుకోవడానికి సిగ్గయినా, సంతోషం కూడా ఉంది. చెరువులు, కారు, మేడ ఉన్నవాళ్ళు కాళ్ళ దగ్గరికి వచ్చారు. లోపలికి వెళ్ళి పిల్లని ఒక్క మాట అడగాలి. అడగలేదు.

"మీ ఇష్టం అయ్యగారూ" అంది.

వాళ్ళు వెళ్ళాక క్రిస్టినా బయటికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఇంత జరిగితే నాకు ముందే చెప్పొద్దటే?" అంది తల్లి.

"అడిగాగా మధ్యాహ్నం."

మిగతాది క్రిస్టినాయే చెప్పింది. ఎదురుగా ఉన్న బిందెతో చెబుతున్నట్టు చెప్పింది.

"గుడివాడ స్టేషన్ దగ్గర కారాపి, నువ్వు కాగు మీద పడ్డావన్నాడు. ఒళ్ళంతా కాలిందన్నాడు. బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళారన్నాడు. అందుకే ఎక్కానమ్మా. పామర్రులో బందరు రోడ్డు వదిలేసి చల్లపల్లి వైపు తిప్పాడు. పామర్రు దాకా నీకోసం ఏడ్చాను. ఆ తర్వాత నాకోసం. ఫోన్ లాక్కున్నాడు. చెరువు గట్టు మీద గది. తాళం వేశాడు. ఎంత అరిచినా ఆ నీళ్ళ మోటార్ల చప్పుడులో ఎవరికి వినపడుద్ది? నీకు మెసేజ్ కూడా వాడే పెట్టాడు."

ఆ మెసేజ్ సువార్తమ్మకి గుర్తుంది. మమ్మీ, ఈ పూట ఫ్రెండు ఇంట్లో ఉంటాను అని ఉంది. క్రిస్టినా పుట్టి బుద్ధెరిగాక ఆమెని మమ్మీ అనలేదు. ఇదేం కొత్త పిలుపు అనుకుంది. ఫోన్ చేసి కనుక్కుందామా అనుకుంది కూడా. కానీ లంకబాబు మొదటిసారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది సరిగ్గా అప్పుడే. మెసేజ్‌ని వేలితో పక్కకి తోసేసింది.

ఇప్పుడు పిల్లని దగ్గరికి తీసుకోవాలని చెయ్యి చాపింది. చాపిన చెయ్యి భుజం మీద పడింది గానీ, నోరు ఎప్పటి దారినే పోయింది.

"సరేలే తల్లీ, ఊరుకో. నీమీద ప్రేమ లేకపోతే పెద్దోళ్ళని పంపుతాడా? ఆడుకుని వదిలేసేవాడైతే మొహం చాటేసేవాడు. నాలుగు రోజులు పోనీ, నీ కొంగు పట్టుకుని తిరుగుతాడు. మన లంకబాబు చూడు, మొదట్లో..."

"అమ్మా," అంది క్రిస్టినా, "రాహుల్ ఆ సీరియల్ చూళ్ళేదే."

వీధిలో ఎవరో కుళాయి కట్టెయ్యమని కేకేస్తున్నారు. సువార్తమ్మ సంచిలోంచి ఒక యాపిల్ తీసి, చెంగుకి తుడిచి, "కోసి పెట్టనా?" అంది.

క్రిస్టినా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం షెడ్డులో సువార్తమ్మ చెరువు గట్టు సంగతీ పెళ్ళి సంగతీ తనంతట తానే చాటుకుంది. దాచిపెడితే నలుగురూ నాలుగు రకాలుగా అల్లుతారు, మనమే ముందు చెబితే పెళ్ళికబురవుతుంది అనుకుంది. గుట్టు రట్టు చేసుకుని గౌరవం కొనుక్కోవాలని చూసింది పిచ్చిది. రొయ్యల చెరువుల వాళ్ళ సంబంధం అనేసరికి తోటివాళ్ళు రంగు చేతులతోనే వచ్చి బుగ్గలు పుణికారు. "నీ కూతురికీ లంకబాబే దొరికాడే!" అంది ఒకతె. అన్నది మెచ్చుకోలుగానే.

తాతమ్మ మాత్రం కాగులో కర్ర తిప్పడం ఆపింది. "పిల్ల ఒప్పుకుందా?"

"పెద్దోళ్ళు ఒప్పుకున్నారు."

"నే అడిగింది పిల్లని."

"కడుపు పండని దానివి, నీకేం తెలుసు కూతురి సంగతి?" అంది సువార్తమ్మ.

తాతమ్మ కర్ర మళ్ళీ తిప్పసాగింది. ఆవిరికి కళ్ళు తుడుచుకుందో, ఎందుకు తుడుచుకుందో, ఎవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం సీరియల్లో పెళ్ళి. ఆడవాళ్ళందరూ ఫోన్ చుట్టూ మూగారు. లంకబాబు తెల్లచొక్కా వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పక్కన ఆ పిల్ల చేతులు జోడించి కూర్చుంది. నవ్వుతోంది. చిక్కటి, నిండు నవ్వు. సువార్తమ్మకి ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపు మధ్యలో ఆగింది.

ఈ పిల్ల ఎప్పటి నుంచి నవ్వుతోంది?

ఫోన్ చేతిలోకి తీసుకుని వెనక్కి జరిపింది. గదిలో కిటికీ చువ్వలు పట్టుకుని ఏడుస్తున్న పిల్ల కనిపించింది. ఆ తర్వాత పాట. పాటలో అలలు, గాలిపటం, ఇసుకలో అడుగులు. పాట అయ్యేసరికి నవ్వుతున్న పిల్ల. మళ్ళీ వెనక్కి జరిపింది. పాటకి ముందు ఏడుపు, పాట అయ్యాక నవ్వు. మధ్యలో ఆ పిల్లకి ఏం జరిగితే నవ్విందో ఎక్కడా చూపించలేదు. ఇన్నాళ్ళూ ఆ పాట వచ్చినప్పుడల్లా తాను కూడా కూనిరాగం తీసింది.

"ఏంటే ముందుకీ వెనక్కీ, పెళ్ళి ఎలా ఉందో చెప్పవే" అన్నారు పక్కవాళ్ళు. సువార్తమ్మ చెప్పందే వాళ్ళకి సీరియల్ చూసినట్టుండదు.

"బ్రహ్మాండంగా ఉంది" అంది సువార్తమ్మ.

తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి అచ్చు అందుకుంది. అచ్చులోని లతకి పక్క లత కలవలేదు. మొదటిది పోనీలే అనుకుంది. దాని పక్కదీ కలవలేదు. అటుగా వచ్చిన శోభనాద్రి గారు గుడ్డ ఎత్తి వెలుతురులో చూసి, "పెళ్ళి హడావుడిలో ఉన్నావు, ఇంటికి పోవమ్మా" అన్నారు. ఆమె ఇంటికి పోలేదు. పోతే అక్కడ కూతురుంది.

ఆదివారం చర్చిలో క్రిస్టినా తల్లి పక్కనే చాప మీద కూర్చుంది. రానంటుందేమోనని భయపడ్డ సువార్తమ్మకి ప్రాణం కుదుటపడింది. పిల్ల తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది, ముసుగు వేసుకుంది. మనసు మారిందేమో అనుకుంది తల్లి. పాట మధ్యలో రహస్యంగా ఆ ముసుగు సర్దింది.

ప్రసంగం అయ్యాక పాస్టరు గారు కాగితం తీశారు. "డేవిడ్ రాజు గారి కుమారుడు చిరంజీవి రాహుల్‌కును, కీర్తిశేషులు సామ్యేలు గారి కుమార్తె చిరంజీవి సౌభాగ్యవతి క్రిస్టినాకును వివాహము నిశ్చయమైనది. ఇది మొదటి ప్రకటన. అభ్యంతరము గలవారు తెలియజేయవలెను."

ఆ మాట తర్వాత ఆయన కళ్ళజోడు సర్దుకునేంత సేపు ఆగడం అలవాటు. ఆ కాస్త సందులో ఎవరూ ఎప్పుడూ మాట్లాడింది లేదు.

"నాకుంది అయ్యగారూ" అని క్రిస్టినా లేచి నిలబడింది.

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. పాస్టరు గారు కూడా నవ్వబోయారు. "నీ పెళ్ళికి నువ్వే అభ్యంతరం చెబితే ఎలాగమ్మా?"

"ఇంకెవరూ చెప్పట్లేదు కదండీ. రాహుల్ నాకు అబద్ధం చెప్పి కారెక్కించాడు. గదిలో పెట్టి తాళం వేశాడు. నేను వద్దని ఏడుస్తుంటే వినలేదు. ఆ మనిషిని నేను చేసుకోను."

ముందు వరసలో డేవిడ్ రాజు వెనక్కి తిరగలేదు. అతని మెడ మాత్రం ఎర్రబడింది. పాస్టరు గారు కాగితం మడిచి, విప్పి, కళ్ళతో సువార్తమ్మని వెతుక్కున్నారు.

"సువార్తమ్మా, తల్లివి. నువ్వు చెప్పు."

అందరి తలలూ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. క్రిస్టినా కూడా చూసింది, నిలబడ్డ చోటు నుంచి కిందికి. తల్లి లేచి పక్కన నిలబడితే చాలు, ఒక్క మాట కూడా అక్కర్లేదు. అది సువార్తమ్మకి తెలిసింది. మెసేజ్ సంగతి చెప్పొచ్చని తెలిసింది. మోకాళ్ళ మీద చేతులాన్చి లేవబోయింది కూడా. ఎదురుగా డేవిడ్ రాజు మెడ. చుట్టూ పేట మొత్తం. రేపటి నుంచి ఈ మొహాల మధ్య బతకాలి.

"చిన్నపిల్ల అయ్యగారూ" అంది కూర్చునే. "తెలీక మాట్లాడుతోంది. తమరు కానివ్వండి."

క్రిస్టినా ముసుగు తీసేసి, చాపల మధ్యనుంచి ఎవరి కాలూ తొక్కకుండా నడుచుకుంటూ బయటికి పోయింది. పాస్టరు గారు తర్వాతి ప్రకటన చదివారు. కోతల పండగకి కానుకలు ముందుగా తెచ్చి ఇవ్వాలట.

ఆ రోజు పిల్ల ఇంట్లో మాట్లాడలేదు. సోమవారం సువార్తమ్మ లేచేసరికి ఇంట్లో లేదు. గుడివాడ రైలెక్కిందేమో, షాపుకి పోయిందేమో అనుకుంటూ షెడ్డుకి వచ్చింది. తాతమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"బందరు ఆటో ఎక్కింది నీ కూతురు. ఎక్కడికే అంటే, పోలీస్ స్టేషన్‌కి మామ్మా అంది. నేనొస్తానంటే వద్దంది." తాతమ్మ రోడ్డు వైపు చూపించింది. "కూతుళ్ళ సంగతి తెలీనిదాన్ని. నువ్వన్నా పో."

సువార్తమ్మ చేతిలో సంచి అక్కడే పడేసి రోడ్డెక్కింది. ఆటోలో మనుషుల మధ్య ఒదిగి కూర్చుని, చెప్పవలసిన మాటలు పేర్చుకుంది. నేను తల్లినండీ. నా బిడ్డ చెప్పేది నిజమండీ. నేను చర్చిలో అన్న మాట తప్పండీ, భయపడి అన్నానండీ. ఎన్నడూ లేనిది, అనబోయే మాటని పదిసార్లు వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది. ఈసారి మింగేది లేదనుకుంది. ఆ నిర్ణయం నిజమైనదే.

స్టేషన్ వరండాలో బెంచీ మీద డేవిడ్ రాజు, ఇంకో ఇద్దరు సంఘపెద్దలు కూర్చుని ఉన్నారు. ఆమెని చూడగానే డేవిడ్ రాజు లేచొచ్చాడు.

"వచ్చావా చెల్లెమ్మా! నీకోసమే చూస్తున్నాం. తల్లి ఒప్పుకున్న సంబంధమని మేడం గారికి చెప్పాం. నువ్వు కూడా ఒక్క మాట చెప్పేస్తే సరిపోద్ది. సంఘమంతా విన్న మాటేగా."

ఆమె అతని మొహం చూడకుండా లోపలికి నడిచింది.

లోపల ఒక మహిళా ఎస్సై బల్ల వెనక కూర్చుని ఉంది. ఎదురు కుర్చీలో క్రిస్టినా. వీపు నిటారుగా ఉంది. అడుగుల చప్పుడుకి ఎస్సై తలెత్తింది.

"ఎవరమ్మా ఈవిడ?"

క్రిస్టినా వెనక్కి తిరిగి చూసింది. తల్లి మొహం మీద చూపు నిలిచింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేది.

"మా ఊరావిడేనండి. అచ్చుల షెడ్డులో పని చేస్తుంది."

"బయటున్నాయన మీ అమ్మ ఒప్పుకుందంటున్నాడు. మీ అమ్మ రాలేదా?"

"అమ్మ లేదండి" అంది క్రిస్టినా.

సువార్తమ్మ పేర్చుకున్న మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి. ఆ వెనకే గుమ్మంలో డేవిడ్ రాజు గొంతు వినిపించింది. "అదేంటమ్మా, అబద్ధమాడతావు? అదిగోండి మేడం, తల్లి. ఆవిడే తల్లి. ఆవిణ్ణే అడగండి, నిన్న అందరి ముందూ ఏం చెప్పిందో."

ఎస్సై కలం కింద పెట్టింది. "ఏమ్మా? నువ్వు ఈ అమ్మాయి తల్లివా?"

క్రిస్టినా ఈసారి తిరిగి చూడలేదు. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, వేళ్ళు ఒకదాన్ని ఒకటి నొక్కుకుంటున్నాయి. చిన్నప్పుడు జ్వరం సూది వేయించుకునేటప్పుడు కూడా అలాగే కూర్చునేది. అవును, తల్లినే అంటే, తల్లిగా నిన్న అన్న మాట కూడా ఈ బల్ల మీదికి వస్తుంది. భయపడి అన్నాను అంటే, ఈరోజు ఎవరికి భయపడి అంటున్నావని డేవిడ్ రాజు అడుగుతాడు. ఆ రచ్చలో పిల్ల మాట కాస్తా కొట్టుకుపోతుంది. ఇంత ఆలోచన సువార్తమ్మకి ఒక్క క్షణంలో ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"కాదండి" అంది. "షెడ్డులో పని చేస్తానండి."

డేవిడ్ రాజు నోరు తెరిచాడు. ఎస్సై చెయ్యెత్తి అతన్ని ఆపింది. "మీరిద్దరూ బయట ఉండండి. ఆ అమ్మాయిని చెప్పనివ్వండి."

సువార్తమ్మ ఇంకా నిలబడే ఉంది. పిల్ల ఒక్కసారి తలెత్తుతుందేమో, ఆ ఒక్క మాటయినా లెక్కలోకి తీసుకుంటుందేమో అని చూసింది. క్రిస్టినా కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

బెంచీ మీద పెద్దమనుషులు ఏదో అంటున్నారు. సువార్తమ్మ వాళ్ళని దాటుకుని మెట్లు దిగింది. లోపలి మాటలు వినపడనంత దూరం పోయేదాకా నడిచింది.